మూడో గేరు పట్టని కాన్పు బండి

ఒకటో రోజు

డబ్బాగారూ, వినపడతందా? ఎర్ర లైటు వెలిగిందంటే వినపడతన్నట్టే. నా పేరు పంపన బుల్లియ్య. వయసు డెబ్బై మూడని రాసుకో, మా ఆవిడ అడిగితే మాత్రం అరవై ఎనిమిదని చెప్పు. చదువు నాలుగో తరగతి. ఐదు ఎందుకు చదవలేదంటే మా బడి సముద్రంలోకి పోయింది. నేనేం ఏడవలేదు. లెక్కల మేష్టారొక్కడే ఏడ్చాడు.

కొండ మీద మన మూడో మెట్టు ఊరి రూలు నాకు తెలుసు. మర ఇప్పినోడు రోజూ దీపాలేళకి నీ ముందు కూచుని ఏం ఇప్పాడో, ఏం చూశాడో, ఎవరి మీద అనుమానమో చెప్పాలి. చెప్పింది చెరపడానికి లేదు. పదో రోజున పెద్దలు నిన్ను మధ్యలో పెట్టుకుని ఇంటారు. నీళ్ళ పంపు ఇప్పినోడెవడో అబద్ధం చెప్పి ఊరంతా పదిహేను రోజులు నాలుక పిడచగట్టుకుని కూచున్నప్పట్నుంచీ ఈ రూలు. నాకు మంచిదే. మధ్యలో అడ్డురాకుండా నా మాట ఇనేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారు?

ఇయ్యాళ కాన్పు బండి చచ్చింది. ఎనిమిది మంది మగాళ్ళు నెట్టుకొచ్చి నా షెడ్డులో పడేశారు. ఆళ్ళ ఎనకాల డ్రైవరు నూకరత్నం, తాళం చెవి గుప్పిట్లో పట్టుకుని, చెప్పుల్లేకుండా నడిచొచ్చింది.

దాంతదే నడిచే బళ్ళు కింద ఉప్పుమళ్ళ నుంచి మన మెట్టు దాకా వస్తాయి. ఇక్కణ్ణుంచి కొండ మలుపులు మొదలైతే పైనుంచి దారి చెప్పే కళ్ళు ఆటికి కనపడవంట, నడిరోడ్డు మీద ఆగిపోయి దారి తప్పిన దూడల్లాగా అరుస్తాయి. ఆసుపత్రేమో పైన ఐదో మెట్టులో ఉంది. అందుకని నా కంటే ఓ పదేళ్ళు చిన్నదైన ఈ పాత కారు ఉంచుకున్నాం. జీలుగు కల్లు కాసిన స్పిరిట్టు మీద నడుస్తాది. గేర్లు దాంతదే మార్చుకునే రకం. మనిషి చెయ్యాల్సింది స్టీరింగూ, బ్రేకూ. ఆ రెండూ కూడా ఇయ్యాళ ఈ కొండ మీద నూకరత్నానికొక్కదానికే వచ్చు. నేర్పింది నేనే.

"ఏమైందే?" అన్నాను.

"ఏడో మలుపు దగ్గర మూడో గేరు పట్టలేదు బాబాయ్. ఇంజను గోల పెడతంది, బండి కదల్దు. నాలుగు రోజుల్నించీ పొద్దున్నే గేరు కర్ర డీలో పెడితే ఓ బీడీ ముట్టించేంత సేపు ఊరుకుని, అప్పుడు ఎనక నుంచి ఎవరో తన్నినట్టు దూకుతుంది."

"నాలుగు రోజుల్నించీ అయితే ఇయ్యాళ చెప్తావా?"

"ముందే చెప్తే నువ్వు బండి ఆపేద్దువు. మధ్యలో ఇద్దరికి నొప్పులొచ్చాయి."

ఆ మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ నేలకేసి చూస్తా చెప్పింది. అది కూడా రాసుకో.

సాయంత్రం మెట్టు పెద్ద ప్రకాశమ్మ గారు వచ్చారు. ఆవిడ నవ్వితే కొండ చరియ ఇరిగి పడుద్దని భయమేమో, ఎప్పుడూ నవ్వదు. "బుల్లియ్యా, లోవకుమారి కడుపులో బిడ్డ అడ్డంగా ఉంది. పదకొండో రోజుకల్లా పైకి చేర్చమన్నారు డాక్టరమ్మ. ఈ గేర్ల పెట్టె ఊరికే పోదు. ఎవరో పాడు చేశారు. ఎవరో డబ్బాలో చెప్పు."

"ఆయ్, చెప్తానండి. చెప్తే ఏం చేస్తారు?"

"బండిని చెడగొట్టినోళ్ళు మళ్ళీ బండి ముట్టుకోరు. ఉప్పుమళ్ళకి దిగిపోతారు."

నూకరత్నం గుప్పిట ఇంకొంచెం బిగించింది. చూశాన్నేను.

రెండో రోజు

గేర్‌బాక్సులో నూనె ఎంతుందో చూడ్డానికి ఓ గొట్టం, అందులో ఓ కొలత పుల్ల ఉంటాయి. పుల్ల లాగి తెల్ల గుడ్డ మీద తుడిచాను. మంచి నూనె దానిమ్మ గింజల రంగులో ఉంటాది. ఇది కాఫీ డికాషను. గుడ్డ మీద మధ్యలో నల్లగా ఆగిపోయింది, చుట్టూ పారలేదు. చిక్కబడిందన్నమాట.

"వాసన చూశావా బాబాయ్?" అంది నూకరత్నం.

"చూశాన్లే. మాడింది."

"ఏదీ, నన్ను చూడనీ."

"నీ ముక్కు నీ దగ్గరుంచుకో. ఇది మేస్త్రీ పని." మామూలుగా అయితే పుల్ల దాని చేతికే ఇచ్చి చూడమంటాను. ఈసారి ఇవ్వలేదు. అనుమానం ఉన్న మనిషి చేతికి సాక్ష్యం ఇస్తామా?

తరవాత అడుగు మూత ఊడదీసి నూనె మొత్తం దింపాను. ఆ పెట్టెకి తొమ్మిది సీసాలు పడతాయి. ఆరు నెలల కింద నా చేత్తో నేనే కొలిచి పోశాను. ఇప్పుడు దింపితే పది నిండి పదకొండోదాంట్లోకి కారింది. రెండుసార్లు కొలిచాను. మా ఆవిడ కాసులమ్మని పిలిచి కొలవమన్నాను. ఆవిడకీ పదే వచ్చాయి, పైగా మంచి సీసాలన్నీ జిడ్డు చేశానని నాలుగు తిట్లు.

నా చెయ్యి పడకుండా ఆ పెట్టెలోకి ఏదో ఎళ్ళింది డబ్బాగారూ.

మూడో రోజు

అడుగు పళ్ళెంలో ఓ అయస్కాంతం ఉంటాది. ఇనప పొడి ఎక్కడికీ పోకుండా పట్టుకోడానికి. ఏ పెట్టెకైనా దాని మీద కాటుకంత మెత్తగా కొంచెం ఉంటాది, అది అరుగుదల. దీనికి గడ్డం మొలిచింది. నూనె వడకట్టే జాలీకేమో బంక. పాకం ముదిరి గట్టిపడితే ఎట్టుంటాది, అట్టాగ. గోటితో గీకితే గోరూ రాలేదు, బంకా రాలేదు.

ఎర్ర నూనె ఎంత మాడినా బంక కాదు. నల్లబడుద్ది, నీళ్ళౌద్ది. కాబట్టి ఎవరో ఎర్ర నూనె తీసుకుని, లోటు తెలవకుండా ఇంకేదో పోశారు. అదీ నా లెక్క.

అదే టయానికి స్పిరిట్టు కాసే గవర్రాజు వచ్చాడు. ఈడికి స్టీరింగు మీద ఆశ. ఇంట్లో కుర్చీలో కూచుని కూడా చేతులు తిప్పుతా ఉంటాడని ఆళ్ళావిడే చెప్పింది.

"తాతా, నేను చెప్పానని చెప్పకు. నూకరత్నం ఎక్కడ బండి ఆపినా బానెట్టు ఎత్తే ఉంచుద్ది. గంటలు గంటలు."

"ఎందుకంట?"

"నాకేం తెలుసు? లోపల్నించి ఏం తీస్తందో, ఏం పెడతందో."

"నువ్వు కాసే స్పిరిట్టులో ఎన్ని నీళ్ళు కలుపుతావో అది ముందు చెప్పరా," అన్నాను. ఆడు ఎళ్ళిపోయాడు. మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. బానెట్టు తాళం ఇద్దరి దగ్గరే ఉంది. ఒకటి నా మొలతాడుకి. రెండోది నూకరత్నం దగ్గర.

రూలు రూలే. డబ్బాగారూ, నూకరత్నం మీద నాకు అనుమానంగా ఉంది.

అదేంటి, లైటు రెండుసార్లు మిణికింది? పేరు పట్టుకున్నావన్నమాట. సరే. పట్టుకో.

నాలుగో రోజు

పెట్టె కిందకి దింపాను. గొలుసూ కప్పీ ఏసి, ఇద్దరు పనోళ్ళని పెట్టుకుని, నా నడుం పనికిరాదని తెలిసొచ్చేలోగా దించేశాం.

ముందు మూతి దగ్గర గుమ్మడికాయంత ఇనప డొల్ల ఉంటాది, గుమ్మడికాయనే అంటాం. ఇంజను తిప్పిన తిప్పుడుని నూనె ద్వారా లోపలికి పంపించేది అదే. దాన్ని పక్కన పెట్టి, లోపల ఒక్కో ముక్కా తీసి వరసగా పాత దుప్పటి మీద పేర్చాను. మూడో గేరు పట్టేది ఒక దొంతర పలకలు. ఓ ఇనప పలక, ఓ అట్ట పలక, మళ్ళీ ఇనప పలక, మళ్ళీ అట్ట పలక. నూనె ఒత్తిడితో గట్టిగా అదిమితే ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. ఒత్తిడి చాలకపోతే సగం పట్టీ సగం జారీ రాసుకుంటాయి. ఇనప పలకలు నెమలి పింఛం రంగు తేలాయి. అట్ట పలకల మీద అట్ట లేదు, బొగ్గుంది.

ఒత్తిడి ఎందుకు చాల్లేదంటే, నూనెకి ఏ గేరులోకి ఎళ్ళాలో దారి చూపించే పలక ఒకటుంటాది. లోపలంతా సందులూ గొందులూ. ఆ సందుల్లో వేలంత కడ్డీలు అటూ ఇటూ జారాలి. నిలబెడితే దాని బరువుకి అదే జారి పడాలి. మూడో గేరు కడ్డీ నిలబెట్టినా పడలేదు. బంకలో ఇరుక్కుని కూచుంది.

ఆ సందుల్లో చిన్న చిన్న ఇనప గుళ్ళు ఏడుంటాయి. లెక్కపెడితే ఆరే ఉన్నాయి! నాకు ఒళ్ళు మండిపోయింది. చూడ్డానికొచ్చిన గవర్రాజు నిలబడ్డ చోటు ఎతికించాను. పనోళ్ళ జేబులు తిప్పించాను. ఇంతలో కాసులమ్మ అన్నం కారియరు పట్టుకొచ్చి, నేను లేచి నిలబడగానే నా పంచె మడతలోంచి టంగుమని రాలిన గుండుని ఏరి చేతిలో పెట్టింది.

"దొంగ దొరికాడు," అంది. తరవాత ముక్కు మూసుకుంది. "ఏవయ్యో, ఇక్కడ ఆముదం కాల్చావా?"

"ఆముదమా?"

"అదిగో ఆ పలకల మీంచే. దీపంలో వత్తి మాడితే వచ్చే కంపు. ఇంత కంపు కొడతంటే నువ్వు మూడ్రోజులుగా దాని మీద పడుకుని ఉన్నావు, తెలవలేదా?"

"తెలిసిందే. నువ్వు చెప్తావో లేదో చూద్దామని ఊరుకున్నా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. కారియరు గిన్నెలు ఇప్పి ముందు పెట్టింది. కాసులమ్మ తిట్టకపోతే నాకు అనుమానం.

ఐదో రోజు

నూకరత్నాన్ని పిలిపించాను. పక్కన ఎవరూ లేకుండా చూసుకున్నాను.

"పెట్టెలో ఆముదం ఎవరు పోశారే?"

"ఆముదమా? నాకేం తెలుసు?"

"బానెట్టు ఎందుకు ఎత్తి పెడతావు?"

"స్పిరిట్టు ఇంజను ఏడెక్కుద్ది, ఆగిన ప్రతిచోటా ఎత్తి చల్లారనియ్యమని నువ్వే కదా చెప్పావు! కర్రతో కొట్టి మరీ చెప్పావు."

చెప్పాను. గుర్తుంది.

"ఎర్ర నూనె ఎవరికిచ్చావు?"

అప్పుడు అర్థమైంది దానికి. "నా పేరు డబ్బాలో చెప్పావా బాబాయ్?"

నేను రెంచీ తుడుచుకుంటా కూచున్నాను.

"చెప్పావన్నమాట." తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది. విసరలేదు. విసిరితే బాగుండేది. "నూట పన్నెండు మందిని పైకి ఎక్కించాను. ఒక్కళ్ళకీ దార్లో కాన్పు కానివ్వలేదు. నువ్వు ఓ మాట నన్నడిగి, తరవాత దానికి చెప్పాల్సింది."

అది ఎళ్ళాక నా లెక్క మళ్ళీ ఏసుకున్నాను. గోదాములో ఎర్ర నూనె డబ్బాలు పద్నాలుగుండాలి. పద్నాలుగూ ఉన్నాయి, సీలుతో. పెట్టెలో తొమ్మిదికి పది సీసాలున్నాయి. ఎవరూ ఏమీ పట్టుకుపోలేదు. తెచ్చి పోసిపోతన్నారు! ఇదెక్కడి దొంగ? నా బతుకులో ఇంట్లో దూరి బియ్యం పోసెళ్ళిపోయే దొంగని చూళ్ళేదు.

అందరి ఇళ్ళల్లోనూ ఆముదమే. దీపానికదే, తలకదే. మూడో మెట్టులో నాలుగొందల గడప. నాలుగొందల మంది మీద అనుమానం, డబ్బాగారూ. నువ్వు ఎన్నిసార్లు మిణుకుతావో మిణుకు.

ఆరో రోజు

ఉచ్చు పన్నాను. పెట్టె లేని బండి మీద గుడారం గుడ్డ కప్పి, బానెట్టు మాత్రం ఎత్తి ఉంచాను. కొలత పుల్ల గొట్టాన్ని దాని చోట్లోనే తీగతో కట్టి, కింద ఖాళీ సీసా పెట్టాను. గవర్రాజుని పిలిచి, "ఎవరికీ చెప్పకురా, పెట్టె బిగించేశాను, చల్లారతంది," అన్నాను. ఎవరికీ చెప్పొద్దంటే ఆడి నోట్లోంచి ఊరంతా పాకడానికి గంట చాలు.

అన్నాలేళ నేను బండి కింద దూరి పడుకున్నాను. ఎండ మండిపోతంది. వీపు కింద ఏదో బోల్టు. ఓ కోడి వచ్చి నా మొహంలోకి చూసి, నా మీద అనుమానపడి ఎళ్ళిపోయింది.

కాసేపటికి పాదాలొచ్చాయి. వాచిన పాదాలు, ఎండి మట్టెలు, ఒక్కో అడుగూ ఆలోచించి ఏస్తన్నాయి. గొట్టం మూత తీసిన చప్పుడైంది. సన్నగా, చిక్కగా, నా చెవి పక్కన సీసాలోకి దిగింది ఆముదం.

"తల్లీ, అడ్డంగా ఉన్న నా బిడ్డని తిప్పి, జారుగా బయటికి తీసుకురా," అంది గొంతు.

నేను బయటికి పాకాను. ఎదురుగా లోవకుమారి, చేతిలో గరిట. గుడారం గుడ్డ కిందనించి ముసలి తల బయటికొస్తే ఎవరికైనా గుండె ఆగుద్ది. ఆ పిల్ల కెవ్వుమని అరిచి, తరవాత నవ్వేసింది.

"నువ్వా తాతా! బిడ్డ ఇక్కడే వచ్చేసును!"

"ఇదేం పని లోవా? ఎవరు చెప్పారు నీకు గొట్టంలో ఆముదం పొయ్యమని?"

"అదేంటి తాతా, అందరం పోస్తాం కదా. బండెక్కే ముందు ఆడోళ్ళం ఒక్కో గరిట. కింద మెట్ల నుంచి వచ్చేవాళ్ళూ తెచ్చుకుంటారు. నూకరత్నం అక్కకి తెలిస్తే తిడుద్దని అది నీళ్ళకెళ్ళినప్పుడు పోస్తాం."

"మొదలెట్టింది ఎవరు?"

ఆ పిల్ల ఇంకా నవ్వుతానే ఉంది. "తెలవనట్టు అడుగుతావేంటి? నువ్వే! మా అక్క వీరమణికి చెప్పావంట కదా."

డబ్బాగారూ, నేను నేల మీదే కూచుండిపోయాను.

తొమ్మిదేళ్ళ కింద. వీరమణి తొలి కాన్పుకి పైకెళ్తంది. భయంతో ఎక్కెక్కి ఏడుస్తంది. నేను నూనె చూసి పుల్ల తుడుస్తన్నాను. ఏడుపు చూళ్ళేక, "ఏడవకే. ఈ గొట్టంలో గరిటెడు ఆముదం పొయ్యి, పిల్లోడు జర్రున జారిపోతాడు," అన్నాను. నవ్వించడానికి. నవ్వింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అది పోసింది. దానికి సులువుగా అయ్యింది. అది చెల్లెలికి చెప్పింది, చెల్లెలు తోడికోడలికి చెప్పింది.

ఊళ్ళో నా మాట నమ్మిందే ఒక్కసారి. ఆ ఒక్కసారీ ఇదా!

ఏడో రోజు

ఇయ్యాళ పని ముందు చెప్తాను. రెండో మెట్టు దగ్గర ఉప్పునీళ్ళలో సగం మునిగిన బండొకటుంది, ఇదే జాతి. దాని పెట్టె బిగువుగా ఉండి లోపలికి నీళ్ళెళ్ళలేదు. అట్ట పలకలు తీసి తెప్పించాను. కొత్త పలకలు ఎర్ర నూనెలో ఒక పూటంతా నానాలి. పొడిగా బిగిస్తే మొదటి కొండకే కాలిపోతాయి. దారుల పలకని స్పిరిట్టులో నానబెట్టి, ఒక్కో కడ్డీ తీసి గుడ్డతో తోమాను. ఇప్పుడు నిలబెడితే పడతన్నాయి. గుళ్ళు ఏడూ ఉన్నాయి. పంచె దులుపుకుని మరీ లెక్కపెట్టాను.

ఇక రెండో మాట. ఇది చెప్పడానికి రాత్రంతా గింజుకున్నాను.

తొమ్మిదేళ్ళుగా ఏటా రెండుసార్లు నేను ఆ నూనె మారుస్తన్నాను. ప్రతిసారీ చిక్కగా, నల్లగా ఉండేది. ముసలి బండి కదా అనుకున్నాను. ముక్కున్న మేస్త్రీ అయితే మొదటి ఏడే పట్టేసును, ఇందులో ఆముదముందని. నాకు ముక్కు లేదు డబ్బాగారూ. కింద అడివంతా తగలబడిన పొగ ఏడు గుర్తుందా? ఆ ఏడాది, వీరమణి కాన్పుకి ముందు, నెల్లాళ్ళు దగ్గాను. దగ్గు పోయింది, దాంతోపాటు వాసనా పోయింది. కల్లో పువ్వో చేపో, నాకు ఒకటే. ముక్కు లేని మేస్త్రీకి షెడ్డు ఉంచరని ఎవరికీ చెప్పలేదు. పుల్ల నూకరత్నం చేతికిచ్చి, "ఏదీ, నీకు ఏం తెలుస్తందో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టినట్టు పెట్టి, అది చెప్పిందే నేను చెప్పేవాణ్ణి. అది ఆముదం సంగతి చెప్పకపోడానికి కారణం కూడా నేనే. దానికి వాసన తెలిసింది. రెండేళ్ళ కిందట, "దీపం వాసనొస్తంది బాబాయ్" అంది. "నీ తల్లో ఆముదమే అది, ముందు తలంటుకో" అని అందరి ముందూ ఎక్కిరించాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పాడు చేసింది పంపన బుల్లియ్య. మిణుకు. ఏం, నా పేరుకి మిణకవా?

ఎనిమిదో రోజు

నూకరత్నం ఇంటికెళ్ళాను. చేప తోముతంది. నా వంక చూడలేదు.

"పెట్టె బిగించాలి. రెండు చేతులు తక్కువయ్యాయి," అన్నాను.

"గవర్రాజు చేతులు ఖాళీగానే ఉన్నాయి."

"ఆడి చేతులు గాల్లో స్టీరింగు తిప్పడానికే పనికొస్తాయి. ముక్కు కూడా ఒకటి తక్కువైంది." అంతా చెప్పాను. ఆముదం, వీరమణి, పొగ ఏడు, తలంటు మాట.

చాలాసేపు చేప తోమింది. దాని మీద పొలుసన్నదే లేదు, ఇంకా తోముతానే ఉంది. "ఇది కూడా నీ ఎక్కిరింపుల్లో ఒకటా?"

"కాదు."

"నాకెట్టా తెలుస్తాది?"

చేప పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. షెడ్డుకి వచ్చింది. నా కోసం కాదంట, లోవకుమారి కోసమంట.

పలకలు ఒకటి ఇనుము, ఒకటి అట్ట, వరస తప్పకుండా పేర్చాం. మూత పెట్టక ముందు సైకిలు పంపుతో ఒక్కో కంతలోకీ గాలి కొట్టాం. లోపల దొంతర బిగిసిన చప్పుడు రావాలి. ఒకటో గేరు, డుప్పు. రెండు, డుప్పు. మూడో కంతలోకి చెవులు దగ్గర పెట్టి మరీ కొట్టాం. డుప్పు. మా ఆవిడ పిండి కొట్టినా అంత ఇంపుగా ఉండదు.

చివర్న గుమ్మడికాయ. దాన్ని తోస్తా తిప్పితే లోపల మూడు మెట్లు దిగాలి, టక్, టక్, టక్ అని. రెండు దిగింది. చాల్లే అని బోల్టు తీసుకున్నాను.

"మూడోది పడలేదు," అంది నూకరత్నం.

"పడింది."

"పడలేదు. అట్టాగే బిగిస్తే లోపల పంపు పగిలి చస్తాది. నువ్వే నేర్పావు." నా చేతులు పక్కకి తోసి, గుమ్మడికాయని సగం చుట్టు తిప్పింది. టక్.

డబ్బాగారూ, మూడోది పడలేదని రాసుకో. చెప్పింది ఎవరో కూడా రాసుకో.

తొమ్మిదో రోజు

పెట్టె బండికెక్కించాం. కొత్త ఎర్ర నూనె, తొమ్మిది సీసాలు. నడుం పోయింది. ఇంకేం చెప్పను.

పదో రోజు

పంచాయితీ అయ్యింది. నిన్ను మధ్యలో పెట్టారు, నీకు తెలుసు. కానీ నువ్వు మనుషుల మొహాలు చూళ్ళేవు కదా, అందుకని చెప్తన్నాను.

మూడో రోజు మాట ఇనపడగానే అందరూ నూకరత్నం వంక తిరిగారు. ఏడో రోజు మాట ఇనపడగానే అందరూ నవ్వారు! ముక్కు లేదంట, ఆముదం నేనే పొయ్యమన్నానంట! "నూకరత్నాన్ని తప్పించడానికి తాత నాటకం" అని గవర్రాజు కడుపు పట్టుకున్నాడు. లోవకుమారి లేచి, నిజమే, మేమే పోస్తామని చెప్పింది. "తాత నీక్కూడా నేర్పాడా?" అన్నారు. నా బతుకంతా ఈళ్ళని నవ్వించాను. ఒక్కసారి నవ్వొద్దురా అంటే నవ్వు ఆగట్లేదు.

ప్రకాశమ్మ గారొక్కరే నవ్వలేదు. ఆవిడ అలవాటు ఇయ్యాళ పనికొచ్చింది. "బుల్లియ్య కళ్ళకి గంత కట్టండి," అన్నారు.

కట్టారు. ముక్కు దగ్గర ఏదో పెట్టారు. గాలి పీల్చాను. గాలే వచ్చింది.

"ఏంటిది?"

"మల్లెపూలా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎండు చేపంట, తరవాత తెలిసింది. ఇంకోటి పెట్టారు. "స్పిరిట్టు," అన్నాను. అది ఆవు పేడ. మూడోది పెట్టారు. నాకు భయమేసింది. అబద్ధం చెప్పి బయటపడే దారే అందులో లేదు. "తెలవట్లేదండి," అన్నాను.

"అది నేను పొద్దున్న పెట్టిన పులుసు," అంది కాసులమ్మ గొంతు. నా పక్కనే ఉంది, నాకు తెలవలేదు.

తొమ్మిదేళ్ళుగా రోజూ ఇంటి గుమ్మంలో కాలు పెడతానే, "ఏం పులుసే, ఈది చివరికి వస్తంది వాసన" అంటాను డబ్బాగారూ. రోజూ.

గంత ఇప్పారు. గవర్రాజు నేల చూస్తన్నాడు. ప్రకాశమ్మ గారు తీర్పు చెప్పారు. "డబ్బాలో మాట చెరపం. నూకరత్నం మీద చెప్పిందీ ఉంటాది, దాని పక్కనే ఇదీ ఉంటాది, ఇన్నవాళ్ళు రెండూ ఇంటారు. స్టీరింగు నూకరత్నానిదే. బుల్లియ్య ఒక్కడూ ఇక మర ఇప్పడానికి లేదు. నూకరత్నం పక్కనుండి, వాసన చూసి, తన నోటితో డబ్బాలో చెప్పాలి."

"ఉప్పుమళ్ళకి పంపరాండి?" అన్నాను.

"నిన్ను పంపితే అక్కడున్నోళ్ళేం పాపం చేశారు?" అన్నారావిడ. కొండ చరియ ఇరగలేదు. ఆవిడ నవ్వినట్టేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

పదకొండో రోజు

ఇయ్యాళ చెప్పాలని రూలు లేదు. చెప్పాలనిపించింది.

పొద్దున్నే నూకరత్నం ఇంజను ఏడెక్కించి, బండి ఆడతండగానే కొలత పుల్ల తీసి, వాసన చూసి, నా మొహం ముందు ఊపింది. "మంచి నూనె. నీకు తెలవదు కదా, నమ్ము." డీలో పెట్టింది. ఆగలేదు, దూకలేదు, మెల్లగా కదిలింది. లోవకుమారి ఎనక సీటులో పడుకుంది. దాని పక్కన నేను, గేరు చప్పుడు ఇనడానికి.

ఏడో మలుపు వచ్చింది. లోవకుమారి నా చెయ్యి పట్టుకుని పిసుకుతంది. మలుపు దాటాక అడిగాను, "మూడు పడిందా?" అని.

"ఎప్పుడో పడింది బాబాయ్. నీకు తెలవలేదా?"

తెలవలేదు. మంచి పెట్టె అంటే అదే మరి. మారినట్టు మనిషికి తెలవకూడదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డని తిప్పలేక కోసి తీశారు. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. ఆముదం పొయ్యకుండా ఎక్కుంటే తిరిగేదేమో అని లోవకుమారి అత్త, పోసిన ఆముదం సీసాలో పడబట్టే తిరగలేదని వీరమణి. ఆళ్ళకి నేనేం చెప్పను? నా మాట మళ్ళీ నమ్మితే నాకే భయం.

పొయ్యొద్దంటే మానరు, అది మాత్రం తెలుసు. అందుకని తిరిగొచ్చాక బానెట్టు కింద ఇంకో గొట్టం బిగించాను, ఇత్తడిది, మెరుస్తా ఉంటాది. దాని మూతి చూస్తే ఎవరికైనా గరిటెడు పొయ్యాలనిపిస్తాది. అసలు గొట్టానికి తాళమేశాను. కొత్త గొట్టం బండి కింద నుంచి పోయి ఎనక తలుపు బందుల మీద కారుద్ది. ఆ తలుపు ఆరేళ్ళుగా కీచుమంటంది. ఈ సంగతి నీకూ, నాకూ, నూకరత్నానికీ తెలుసు. గవర్రాజుకి చెప్పకు.

సాయంత్రం ఇంటికెళ్ళాను. గుమ్మంలో కాలు పెట్టి, అలవాటుగా నోరు తెరిచి, మూసేశాను. కాసులమ్మ కంచం పెట్టింది. ఎదురుగా కూచుంది.

"చింతపండు పులుపు ముందొస్తంది," అంది. "దాని ఎనక మెంతిపిండి. పచ్చిమిరపకాయ కొంచెం ముక్కుకెక్కుతంది. అడుగున మాడింది."

"మాడిందా?"

"తొమ్మిదేళ్ళుగా వారానికి రెండుసార్లు మాడుతుంది. నువ్వు రోజూ బాగుందనేవాడివి."

మాడిందో లేదో నాకేం తెలుసు డబ్బాగారూ? ఆవిడ చెప్పిందే లెక్క. నిజం చెప్తందో, కసి తీర్చుకుంటందో. మొహం చూస్తే అనుమానంగానే ఉంది. ఇంకో ముద్ద కలుపుకున్నాను.